కౌన్సెలర్‌ని కలవడానికి ఫారం

ముందే ఒప్పేసుకుంటున్నానండి, నేను అరటిపండుని గెలంత చేసి చెప్పే మనిషిని.

రావులపాలెం బస్సులో నా పక్కన కూర్చున్న యూనివర్సిటీ అమ్మాయికి నెలరోజులుగా నిద్ర లేదట. మనసు బాగోలేని విద్యార్థుల కోసం పెట్టిన కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే, గుమాస్తా దుప్పటంత ఫారం ఇచ్చాడు. అందులో బాధేంటో రాసి, తండ్రిదో గార్డియన్‌దో సంతకం తేవాలట.

"ఏడవడానికి కూడా పర్మిషనేంటమ్మా!" బస్సు అదిరేలా అరిచాను.

"నాన్నగారికి తెలిస్తే చదువు మాన్పించేస్తారండి. గార్డియన్ అని మీరు పెడతారా, బాబాయిగారూ?"

ఆ గుమాస్తా ఏడు తరాల్నీ తిడుతూ, పెన్ను విరిగేలా సంతకం పెట్టాను.

మిగతాదంతా కాస్త సాగదీసిందే. ఆ సంతకం పెట్టానన్నది మాత్రం పూర్తిగా కల్పించి చెప్పాను. సంతకం పెట్టకుండానే ఫారం ఆమె చేతికే ఇచ్చేసి, నా ఊరు రాకముందే దిగిపోయాను.