తెగని పురుగు

పిన్ని చివరిగా చేసిన పని జల్లెడ కడిగి బాల్కనీ కొక్కేనికి తగిలించడం. నా చేతిలో పొట్లం చూసి, "మళ్ళీ తెచ్చావట్రా? ఇటివ్వు," అని ఒక పిప్పరమెంటు బిళ్ళ బుగ్గన పెట్టుకుంది. కాసేపు నడుం వాలుస్తానని లోపలికెళ్ళింది. మళ్ళీ లేవలేదు.

ఆ జల్లెడ ఒకప్పుడు పిండి జల్లించేదే. ఇంట్లో వంట బాబాయిది. ఒకరోజు అది కనపడక వంటిల్లంతా తిరగేసి, చివరికి బాల్కనీలో పట్టుకుని, "ఇందులో ఏం జల్లించావో చెప్పు, తట్టుకుంటాను," అన్నాడు.

"సముద్రపు బురద."

"అయితే నీకే రాసిచ్చేశాను. నాకు కొత్తది కొను."

ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయాక, రాళ్ళ కిందా తడి ఇసుకలోనూ దొరికే పురుగులను పోల్చి వర్ణించడం పిన్ని ఉద్యోగం. వాటి ఒంటికి రెండు పక్కలా తెడ్లలాంటి బుల్లి కాళ్ళుంటాయి, ఒక్కో కాలి చివర సన్నటి ముళ్ళ కుచ్చు. ఏ ముల్లు సూటిగా ఉంది, ఏది వంగింది, ఆ వంపు తల నుంచి ఎంత దూరంలో మొదలైంది అన్నదాన్ని బట్టి జాతి తేలుతుంది. మ్యూజియం వెనకాల ఇరుకు గదిలో, మైక్రోస్కోపుకి కన్ను అప్పగించి కూర్చునేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొత్త జాతిని ప్రకటించింది. వెనక భాగం సన్నగా పాలిపోయి ఉండటమే దాని గుర్తని రాసింది. తర్వాత తేలిందేమిటంటే, అది అందరికీ తెలిసిన పురుగే. ఏ చేపో తోక కొరికేస్తే, కొత్త తోక మొలుస్తోందంతే. తన తప్పును తనే అచ్చు వేయించింది. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా తనే చెప్పి నవ్వేది: "నా మొదటి కొత్త జాతి చేప ఎంగిలండీ!"

కిందటి చలికాలం ఇటుకరంగు పురుగొకటి దొరికింది. చూడగానే, ఇది ఇంతవరకూ ఎవరూ వర్ణించనిదని తేల్చేసింది. కాని తోకతో సహా నిండు పురుగు కావాలి. అవేమో మహా పిరికివి. పాడవకుండా దాచడానికి వేసే స్పిరిట్ తగలగానే బెదిరి ముక్కలైపోయేవి. దొరికినవన్నీ అలాగే పోయాయి.

"కొత్తదని నీకు తెలుసుగా పిన్నీ. తల చాలదా?"

"నాకు తెలుసురా. లోకానికి చూపించొద్దూ? ఒకసారి చేప చేతిలో ఓడిపోయాను, చాలు."

"ఈసారీ చేపే గెలిస్తేనో?" అన్నాడు బాబాయి గరిటె ఆడిస్తూ.

"వేపెయ్యడానికి మీరున్నారుగా!"

మరోటి దొరికిన రోజు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. పళ్ళెంలో సముద్రపు నీళ్ళు పోసి, పురుగును వదిలి, పైన చిటికెడు పిప్పరమెంటు పువ్వు పలుకులు చల్లింది. దాన్ని నిద్రపుచ్చే మందు అదే. పిన్ని చేతులకు ఎప్పుడూ ఉండే వాసన గదంతా పట్టేసింది. చిన్నప్పటి నుంచీ నాకు పిన్నంటే ఆ వాసనే. అందుకే ఎప్పుడెళ్ళినా ఆ బిళ్ళలే పట్టుకెళ్ళేవాణ్ణి.

కుంచె కొసతో తోకను తాకింది. పురుగు ముడుచుకుంది. "ఇంకా మెలకువే. నువ్వు కాళ్ళూపడం ఆపు." చాలాసేపయ్యాక మళ్ళీ తాకింది. ఈసారి కదల్లేదు. అప్పుడు చుక్క చుక్కగా స్పిరిట్ వేసింది. పురుగు తెగలేదు. తల నుంచి తోక దాకా ఒకటే ఇటుకరంగు, చివర రెండు సన్నటి దారాలు.

పిన్ని మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అంది: "కొరుకుడు లేదు. అంతా దాని సొంతమే. ఇప్పుడు కాదనమను, చూస్తాను."

ఎవరూ కాదనలేదు. ఆమె పోయిన కొన్నాళ్ళకు వర్ణన అచ్చయింది, తోక బొమ్మతో సహా. పత్రిక పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్ళాను. దారిలో అలవాటుగా బిళ్ళల పొట్లం కూడా కొన్నాను.

బాబాయి బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత పొట్లం చూశాడు.

"ఆ వాసన మీ పిన్నికి అస్సలు పడేది కాదురా. ఇంటికి రాగానే నిమ్మచెక్కతో చేతులు తోముకునేది, అయినా వదిలేది కాదు. నువ్వు తెచ్చినవి మాత్రం ఒక్కటీ పారెయ్యలేదు."