మా అత్త పాడిన మూడో చరణం

ఏటా ఎండలు ముదిరే వేళకు మా తమ్ముడు ఊరి నుంచి కొత్త మిరపకాయల మూట పంపుతాడు. గుంటూరు బ్రాడీపేటలో నేను నడుపుకునే చిన్న కుట్టు కొట్టులో ఆ మూట ముడి విప్పీ విప్పగానే, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోతారు. మిషను తొక్కే అమ్మాయి తుమ్ముతూ నన్ను తిట్టుకుంటుంది. నాకు మాత్రం ఆ ఘాటుతో పాటే ఒక పాట వినపడుతుంది. పాట మొత్తం కాదు, అందులో మూడో చరణం ఒక్కటే, మా మేనత్త సలోమి గొంతులో.

దీన్ని రాసిపెట్టాల్సిన అవసరం ఈ ఏడు వచ్చింది. మా చర్చి సంఘంలో కుర్రవాళ్లు ఫోన్లో ఒక పాటల సంపుటి పంపారు. నా చిన్నతనంలో క్యాసెట్టుగా వచ్చిన కోత పండుగ పాటలే అవి, ఇప్పుడు కొత్త గొంతులతో మళ్లీ పాడించారట. అడుగున, మొదట ఈ పాటలు పాడినది ఫలానా ఆవిడ అని మర్యాదగా రాశారు. రాసినవాళ్ల తప్పేం లేదు, పాత క్యాసెట్టు అట్ట మీద కూడా ఆ ఒక్క పేరే ఉండేది. కానీ అది సగం నిజం. నేను ఏడో తరగతితో బడి మానినదాన్ని. ఆ తర్వాత నాకు చదువంటూ అబ్బింది మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. అక్కడి చరిత్ర పుస్తకాలు ఒక బీరువా నిండా ఉంటే వరసగా చదివి నేను తెలుసుకున్నదేమిటంటే, ఎవరూ రాయని మనుషులు కొంతకాలానికి అసలు పుట్టనట్టే అయిపోతారు. మా అత్త అలా అయిపోవడం నాకిష్టం లేదు.

మా ఊరు చిలకలూరిపేటకు దగ్గర. నల్లరేగడి నేల, వానొస్తే కాళ్లకు పీటల్లా అంటుకునేది, ఎండొస్తే పిల్లల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చేది. పత్తి తీసే నెలల్లో మా పల్లె ఆడవాళ్లంతా నడుముకు ఒడి కట్టుకుని మంచులోనే బయలుదేరేవాళ్లు. మిరప కోతలప్పుడు సాళ్ల మధ్య ఒంగి నడుస్తూ, కాయ తొడిమతో సహా తుంచే ఆ చిన్న టిక్కుమనే చప్పుడుకు తగ్గట్టు పాడుకునేవాళ్లు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఎత్తుకునేది ఎప్పుడూ సలోమి అత్తే. ఆవిడ గొంతు సన్నగా ఉండేది కాదు, కాస్త బొంగురు కలిసి ఉండేది, కానీ పైకి వెళ్లాల్సిన చోట గాలిపటానికి దారం వదిలినట్టు వెళ్లిపోయేది. సాయంత్రం ఇంటికొచ్చాక చేతులు భగ్గుమంటుంటే మజ్జిగ గిన్నెలో వేళ్లు ముంచుకుని అరుగు మీద కూర్చుని, అప్పుడు కూడా ఆ పాటే కూనిరాగం తీసేది. మా ఇంటికీ వాళ్లింటికీ ఒకే గోడ. మామయ్య పేట జిన్నింగు మిల్లులో పనికి పోయేవాడు, పిల్లలు లేరు, అందుకని నేను సగం ఆవిడ ఇంట్లోనే పెరిగాను.

కోత పండుగ అంటే మా చర్చిలో తొలి పంట తెచ్చి దేవుడి ముందు పెట్టే ఆదివారం. సున్నం వేసిన గోడలకు మామిడాకులు కట్టి, బల్ల ముందు ఎర్రటి మిరపకాయల రాశి, దాని పక్కన విచ్చిన పత్తి కాయలు, గోంగూర కట్టలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు పెట్టేవాళ్లు. ప్రసంగం నడుస్తుంటే ఆ కోళ్లు మధ్యమధ్యలో జవాబిచ్చేవి, పిల్లలం నవ్వు ఆపుకోలేక చావుదెబ్బలు తినేవాళ్లం. నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు, అక్కడ పనిచేసే దానియేలు మాస్టారు తను కట్టిన పాటలు పండుగలో పాడించారు. అందులో ఒకటి వాన కోసం అడిగే పాట. మూడో చరణం "నల్లరేగడి నోరు తెరిచింది" అని మొదలయ్యేది. అత్త దాన్ని ఎత్తుకున్నప్పుడు వెనక వరసల్లో మగవాళ్లు కూడా మాటలు ఆపారు. ఆ మధ్యాహ్నమే మాస్టారు ఈ పాటలు క్యాసెట్టు వేయిస్తానని, వంత పాడటానికి మన ఆడవాళ్లనే గుంటూరు తీసుకెళ్తానని చెప్పారు.

బయలుదేరే రోజు మా నాయనమ్మ కొత్త కాయలు మూట కట్టి అత్త చేతికిచ్చింది. మా పల్లెలో పంట చేతికొచ్చిన కాలంలో ఎవరింటి గడపా వట్టి చేతులతో తొక్కరు. పాటల గది ఇల్లు కాదు గదా అని మామయ్య అంటే, "తలుపుందా లేదా? తలుపున్నదంతా ఇల్లే" అంది నాయనమ్మ. వంత పాడే మిగతా నలుగురితో పాటు, అత్త కొంగు పట్టుకుని నేనూ బస్సెక్కాను.

ఆ గది గుంటూరులో ఒక పాత ఇంటి వెనక భాగం. గోడల నిండా గోనెపట్టాలు, వాటి మీద దుప్పట్లు, కిటికీలకు పరుపులు. చప్పుడు పడుతుందని ఫ్యాను కూడా ఆపేశారు. పెద్ద చక్రాల టేపు మిషను, దాన్ని నడిపే ఆయన ఒక అద్దం వెనకాల ఉన్నారు. పాడటానికి పిలిపించిన ఆవిడ, తర్వాత అట్ట మీదికి ఎక్కిన పేరు ఆవిడదే, నైలాన్ చీరలో, వేడినీళ్ల ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుంది. మంచి మనిషి, మా వాళ్లను పక్కన కూర్చోమంది. వాన పాటలో రెండు చరణాలు అయ్యాయి. మధ్యలో కాసేపు ఆపినప్పుడు తబలా వాయించే ఆయన మూట చూసి, "ఇదేనా మీ పేట కాయ?" అంటూ ముడి విప్పి, గుప్పెడు తీసి గలగలలాడించాడు.

గాలాడని గదిలో ఆ ఘాటు ఎలా లేస్తుందో రాయడం నాకు చేతకాదు. పాడే ఆవిడకు దగ్గు పట్టుకుంది. హార్మోనియం ఆయన కళ్లు తుడుచుకుంటూ బయటికి పోయాడు. అద్దం వెనకాల ఆయన తుమ్ముతూనే చేతులూపుతున్నాడు. మా వాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. ఆ ఘాటులోనే పుట్టి ఆ ఘాటులోనే నిద్రపోయేవాళ్లకు ఏమవుతుంది?

"ఏందే వీళ్లు, కాయ చూసే ఇట్టా అయితే కూరెట్టా తింటారు?" అంది రాహేలమ్మ పెద్దమ్మ. ఆవిడ అత్తతో పాటు ఒకే సాలులో కాయలు కోసే మనిషి.

"నోర్ముయ్యవే, మిషను వింటది" అంది అత్త.

మూట బయట పెట్టారు, తలుపు తీశారు, నీళ్లు తాగించారు, అయినా పాడే ఆవిడ గొంతు దారికి రాలేదు. సాయంత్రానికి గది ఇంకొకరికి ఇవ్వాలట. మాస్టారు కాసేపు తల పట్టుకుని, "సలోమమ్మా, ఆ చరణం నువ్వు అందుకో" అన్నారు. అత్త చెప్పులు విడిచి మైకు ముందుకెళ్లి, కళ్లు మూసుకుని, కాయల ఒడి పట్టుకున్నట్టు కొంగు రెండు చేతులతో పట్టుకుని పాడింది. మళ్లీ పాడించలేదు. అద్దం వెనకాల ఆయన బొటనవేలు చూపించాడు. తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది, మధ్యలో ఒకసారి నన్ను దగ్గరికి లాక్కుని, "బాగా వచ్చిందంటావా బుజ్జీ?" అని చెవిలో అడిగింది.

ఎండాకాలంలో క్యాసెట్లు వచ్చాయి. మా పల్లెలో ఎవరికీ టేపురికార్డరు లేదు. పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టే మస్తాన్ మామ, ఆయనకు మా ఊరంటే ఇష్టం, చర్చి మీద హారను కట్టి వేశాడు. అందరం వేడి చల్లారని వీధిలో చాపలు వేసుకుని కూర్చున్నాం. మూడో చరణం వచ్చింది. హారనులో అత్త గొంతే. పక్క ఊరి నుంచి వచ్చినవాళ్లు అట్ట అందుకుని పేరు చదివి, "ఎంత బాగా పాడిందీ ఈవిడ" అన్నారు.

"ఈ చరణం నేను పాడింది" అంది అత్త, మెల్లగానే.

వాళ్లు నవ్వారు. అత్త రాహేలమ్మ పెద్దమ్మ వైపు చూసింది. ఆ రోజు పాటల గదిలో తనతో ఉన్న మిగతావాళ్ల వైపు చూసింది. రాహేలమ్మ పెద్దమ్మ అట్ట తిప్పి చూసి, "అట్ట మీద ఏరే ఆవిడ పేరుందిగా. మనం వంతే గందా పాడింది" అంది. మిగతావాళ్లు ఏమీ అనలేదు. నేను అరిచి చెప్పాను. పిల్ల మాట ఎవరు వింటారు? అంతకుముందే అత్త మాస్టారిని అడిగితే, ఆయన మొహం దించుకుని, తెలిసిన పేరుంటేనే నలుగురూ కొంటారమ్మా, మళ్లీ అచ్చు వేసినప్పుడు అందరి పేర్లూ వేయిస్తాను అన్నారట. మళ్లీ అచ్చు కాలేదు. మాస్టారికి ఒంగోలు వైపు బదిలీ అయింది.

ఆ తర్వాత కలుపులకు వెళ్లినా, పత్తికి వెళ్లినా, "క్యాసెట్టమ్మా, ఒకటి ఎత్తుకోవే" అని మొదలయ్యేది. మొదట్లో అత్త నవ్వేసేది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత పాడటమే మానేసింది. చేలో వేరేవాళ్లు ఎత్తుకున్నా అత్త అందుకునేది కాదు. తన సాలు తను చూసుకుంటూ అందరికన్నా ముందుకు పోయేది. చర్చిలో పెదవులు కదిపేది, అంతే. ఆవిడ పాట లేని చేను ఎలా ఉంటుందో ఆ ఏడే నాకు తెలిసింది. కాయలు తుంచే చప్పుడు మాత్రం వినపడేది.

మా వంతుకు వచ్చిన క్యాసెట్టు ఇంట్లో ఉంది. వానలు పడితే టేపుకు బూజు పడుతుందని మస్తాన్ మామ ఎప్పుడో ఒక మాట అన్నాడు. అది విన్న నాయనమ్మ దాన్ని విత్తనాల కుండలో పెట్టింది. మా ఇళ్లలో పై ఏటి విత్తనం చెడకుండా ఉండాలంటే కుండలో బూడిద, వేపాకు, ఎండు మిరపకాయలు వేసి, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెడతారు. ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు ఇంకోటి లేదు. క్రిస్మస్‌కు మస్తాన్ మామ మళ్లీ వస్తే, నాయనమ్మ స్వయంగా కుండ దించి, బూడిదలోంచి దాన్ని తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. మొదట గరగరలాడింది. తర్వాత పాట మగగొంతులా సాగింది. వాన పాట దాకా రానే లేదు, మిషను టేపును నమిలేసింది. టేపు మీద పూసి ఉండేది సన్నటి ఇనప తుప్పు లాంటి పొడి అనీ, గొంతు నిలిచేది ఆ పొడిలోనే అనీ, దుమ్ము తగిలితే అది గీసుకుపోతుందనీ చాలా ఏళ్ల తర్వాత గ్రంథాలయంలో ఒక సైన్సు పుస్తకంలో చదివాను.

"పురుగు పట్టకుండా పెట్టానే తల్లీ, దానికి పట్టేది పురుగు కాదని నాకేం తెలుసు" అని నాయనమ్మ ఏడ్చింది. అత్త ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. చిక్కుపడిన టేపు అంతా ఒడిలో పోసుకుని ఇంటికి తీసుకెళ్లింది. అప్పుడు కౌలుకు తీసుకున్న నేల చెక్కలో మా జొన్న కంకి పాలు పోసుకుంటోంది, పిట్టలు వాలుతున్నాయి. మర్నాడు అత్త నాలుగు మూలలా కర్రలు పాతి, ఆ టేపును చేను మీద అడ్డంగా బిగించి కట్టింది. పిట్టల్ని బెదరగొట్టడానికి పాత టేపు అలా కట్టడం మా వైపు అప్పటికే ఉంది. గాలికి అది ఎండలో తళతళలాడుతూ సన్నగా ఊళ పెట్టేది. నేను గట్టు మీద కూర్చుని ఏ మూల నుంచి అత్త గొంతు వస్తుందా అని వినేదాన్ని. "ఏం వింటున్నావే అట్టా, పిట్టల్ని చూడు" అనేది అత్త.

ఇంకో క్యాసెట్టు కోసం నేను పెద్దయ్యాక తిరగని ఊరు లేదు. చాలామంది దాని మీదే వేరే పాటలు ఎక్కించుకున్నారు. కొందరి ఇళ్లలో డబ్బా ఉంది, అట్ట ఉంది, టేపు లేదు. మస్తాన్ మామ కొట్టులో ఇప్పుడు ఆయన మనవడు ఫోన్లు బాగుచేస్తున్నాడు. మిరప కోతలకు కూలీలు ఆటోల్లో దూరం నుంచి వస్తున్నారు. ఎవరి చెవిలో వాళ్ల పాట పెట్టుకుని కోస్తారు. అత్త పోయి చాలాకాలమైంది. పోయేదాకా పాడలేదు.

కొత్త పాటలు ఫోన్లోకి వచ్చాక నేను ఊరికి వెళ్లి రాహేలమ్మ పెద్దమ్మకు వినిపించాను. ఆవిడ గోడకు చేరగిలబడి, ఫోను చెవికి ఆనించుకుని మూడో చరణం దాకా విని, తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదే. సలోమి ఇంకా పైకి పోయేది."

"మరి ఆ రోజు అట్టా అన్నావేం పెద్దమ్మా?"

ఆవిడ ఫోను నా చేతికిచ్చేసింది. "మేమూ పాడాంగా. మా పేరేదీ? ఎవరికీ లేకపోతే లేదనుకుందాం. దానొక్కదానికే ఎందుకనిపించింది" అంది. మళ్లీ తనే, "చేలో అది పాట మానేశాక పొద్దు గడిచేది కాదు. అడుగుదామంటే నోరు రాలేదు. రాస్తన్నావంటగా, రాసెయ్యి. నేనే చెప్పానని రాయి. రాసేటప్పుడు మా పేర్లు కూడా ఎయ్యి" అంది.

ఆ మాట వినాల్సిన మనిషి వినకుండానే వెళ్లిపోయింది. నేను చేయగలిగింది ఇదొక్కటే. పాటల మాటలు గుర్తున్నంత చెప్పిన మా తమ్ముడు ప్రభాకర్‌కు, పాత సామాన్ల గది తెరిచి నాతో పాటు దుమ్ములో వెతికిన మస్తాన్ మామ మనవడు బాజీకి, నా రాత చదివి తప్పులు దిద్దిన మా గ్రంథాలయం మాజీ ఉద్యోగి సుశీలగారికి, నిజం చెప్పిన రాహేలమ్మ పెద్దమ్మకు నా కృతజ్ఞతలు. ఇక అట్ట మీద ఉండాల్సినవి ఇక్కడ రాస్తున్నాను. వంత పాడినవారు: రాహేలమ్మ, మార్తమ్మ, కరుణమ్మ, దీనమ్మ. వాన పాటలో మూడో చరణం: సలోమి.