ఉత్తరపు గోడ కింద కెమేలియా

గ్రంథాలయం తోటమాలిని అందరూ సోకుల మామయ్య అంటారు. తన చొక్కాకి గుండీలు ఊడినా పట్టించుకోడు కానీ, పాదుల చుట్టూ పేర్చిన ఇటుకలకు మాత్రం వారం తప్పకుండా సున్నం కొట్టాల్సిందే. పాదు తెల్లగా ఉంటేనే తోటలో మాలి ఉన్నట్టని పెద్దమాలి దగ్గర నేర్చుకున్నాడు.

అలాంటి మనిషికి ఉత్తరపు గోడ నీడలో తాను నాటిన కెమేలియా కొరకరాని కొయ్యయింది. ఏడాదంతా పచ్చగా నిగనిగలాడాల్సిన పొద. రెండేళ్ల కిందట విరగబూసిందని మురిసిపోయి, ముద్దుగా దానికీ ఇటుకల పాదు కట్టాడు. అప్పటినుంచీ ఆకులు పసుపెక్కడమే తప్ప మొగ్గ ఊసే లేదు. ఈ నెలాఖరుకి మొగ్గ కనబడకపోతే పీకించేసి బెంచీ వేయిస్తానని గ్రంథాలయం నడిపే మేడమ్ చెప్పేశారు. మామయ్యకి అన్నం సయించడం మానేసింది.

ఈ రెండేళ్లలో చేయని ప్రయత్నం లేదు. ఎరువు వేశాడు. నీళ్లు తగ్గించాడు, మళ్లీ పెంచాడు. దానికి పుల్లమట్టి కావాలని నర్సరీ అతను ఫోన్లో చెబితే నిమ్మరసం కలిపి పోశాడు. మట్టి కాస్త నాలుకకి రాసుకున్నాడు కూడా. పులుపో చప్పనో పాలుపోలేదు. చివరికి స్వీపరమ్మ మీద అనుమానపడ్డాడు. సబ్బునీళ్లు ఇక్కడే పారబోస్తోందని తేల్చుకుని, ఏడాది కిందటే ఆమెతో మాటలు మానేశాడు.

గడువుకి రెండ్రోజుల ముందు నర్సరీ అతనే వచ్చి చూశాడు.

"ఈ సున్నం ఎవరు కొట్టారు మామా?"

"నేనే. దీనికైతే రెండు పూతలు."

"వానకి అదంతా మట్టిలోకేగా దిగేది. మట్టిలో పులుపుని సున్నం విరిచేస్తుంది. ఇంకెక్కడి పూలు?"

మామయ్య బుర్ర గిర్రున తిరిగింది. మరి నిమ్మరసం? మరి ఆ సబ్బునీళ్లు? తర్వాత మేడమ్ కాళ్లావేళ్లా పడి ఏడాది గడువు తెచ్చుకున్నాడు. పాదు మట్టి మార్చినా పొద బతుకుతుందన్న నమ్మకం లేదన్నాడు నర్సరీ అతను.

ఇటుకలు పీకుతుంటే స్వీపరమ్మ వరండాలోంచి చూస్తోంది. మామయ్యకి సిగ్గేసింది. "చెల్లెమ్మా, నువ్వు సబ్బునీళ్లు పోస్తున్నావనుకున్నాను," అన్నాడు.

ఆమె తెల్లబోయింది. "నేను అటు రానే రాను కదా అన్నయ్యా. తడి తగిలితే మీ సున్నం పాడవుతుందని, బకెట్టు మోసుకుని చుట్టూ తిరిగి వెళ్తున్నాను."