జ్వరానికి నులిపురుగుల బిళ్ల

మా అత్త ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతోంది. డాక్టరు చీటీ లేకుండా ఎవరైనా వస్తే ఆమె అరిచే అరుపుకి కౌంటరు అద్దం అదురుతుంది.

ఆ ఏడాది ఊరంతా వైరల్ జ్వరాలు. నులిపురుగుల బిళ్లతో తగ్గిపోతుందని ఫోన్లో వీడియోలు చూసి నమ్మినవాళ్లలో మొదటివాడు మా మామయ్యే.

"ఎంతమందికిస్తే ఎంతమందికి తగ్గిందండీ? అది తేలేదాకా ఒక్క బిళ్ల ఇవ్వను," అంది అత్త.

చివరికి ఇద్దరికీ జ్వరం తగులుకుంది. పెద్దాసుపత్రిలో ఆ బిళ్ల మీదే పరీక్ష జరుగుతోంది. సగంమందికి అసలుది, సగంమందికి మందు లేని ఉత్తుత్తి బిళ్ల. ఎవరికి ఏదో ముందు చెప్పరు. ఇద్దరూ ఆ పరీక్షలో చేరారు. మామయ్య నాలుగో రోజుకే లేచి, "చూశావా నా మందు!" అని మీసం మెలేశాడు. అత్త తొమ్మిది రోజులు మూలిగింది.

పరీక్ష ముగిశాక కవర్లు వచ్చాయి. అసలుది అత్తకి, ఉత్తుత్తిది మామయ్యకి పడ్డాయట. మేమంతా పగలబడి నవ్వాం.

అత్త మా మీద విరుచుకుపడింది. "మా ఇద్దరితో ఏం తేలుతుందిరా? పరీక్షలో చేరిన తొమ్మిది వందల మంది లెక్క రానివ్వండి!"

మామయ్య తల గోక్కున్నాడు. "ఈలోగా ఆ ఉత్తుత్తి బిళ్లలే ఓ డబ్బా తెప్పించవే. నాకు బాగా పడ్డాయి."

అత్త చెయ్యి చాపింది. "చీటీ ఏదీ?"