తాతయ్య మీసానికి అంటిన నీలిమందు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఉదయం అయిదున్నరకు మా తాతయ్య రోజూలాగే చెంబు పట్టుకుని చేలోకి వెళ్లాడు. తొండుపల్లిలోని మా ఇంట్లో అప్పటికి మరుగుదొడ్డి లేదు. చెంబు అంచు కింద బట్టలకు పెట్టే నీలిమందు పొడి పూసి ఉందని ఆ మసక చీకట్లో ఆయన చూడలేదు. పూసింది మా మేనత్త.

రెండేళ్లు నిండని మా తమ్ముడు ఆ ఏడు ఎండుపుల్లలా అయిపోయాడు. మందు వేస్తే విరేచనాలు తగ్గేవి, కొన్నాళ్లకు మళ్లీ మొదలయ్యేవి. "పండ్లొస్తున్నయ్, గట్లనే అయితది" అని నాయనమ్మ తేల్చేసేది. వాణ్ని చూసిపోదామని షాద్‌నగర్ నుంచి వచ్చిన అత్త, చంకనేసుకుని దవాఖానకు తీసుకెళ్లింది. కడుపులో కంటికి కనిపించని పరాన్నజీవులు ఉన్నాయని, చేతుల వల్ల, నీళ్ల వల్ల అవి మళ్లీ మళ్లీ చేరుతున్నాయని డాక్టరమ్మ చెప్పి, మందిచ్చి పంపింది. కనిపించని పురుగుల మాట ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

తాతయ్య తిరిగి వచ్చి, వేళ్లు మునిగేలా గ్లాసును కడవలో ముంచి నీళ్లు తాగాడు. మీసం తుడుచుకున్నాడు. తమ్ముడి బుగ్గ నిమిరి జొన్నరొట్టె తుంచాడు. ముక్క వాడి నోటి దాకా వెళ్లేలోగా అత్త ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాపూ, జర ఆగు. వాని బుగ్గ చూడు."

బుగ్గ మీద నీలం. రొట్టె మీద, కడవ అంచు మీద నీలం. అన్నిటికంటే ఎక్కువగా తాతయ్య మీసం నీలం. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"గిదేంది బిడ్డా? నేను చేతులు కడిగిన గద!"

"కడిగినవ్. సబ్బు పెట్టినవా? గీ రంగంటే కండ్లవడ్డది. పోరన్ని పీక్కతినేటియి కండ్లవడయి."

తాతయ్య రొట్టె ముక్క పక్కన పెట్టేశాడు. నాయనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "పెండ్లికొడుకు లెక్కున్నవ్" అని నవ్వుతూనే లేచి కడవ నీళ్లు పారబోసింది. ఆ రోజే నీళ్ల గోలెం పక్కకు సబ్బు, కడవ మీదికి మూత, పొడుగు కాడ గంటె వచ్చాయి. తాగే నీళ్లు కాచడం మొదలైంది. తమ్ముడు ఈసారి మందు వాడాక మళ్లీ జబ్బు పడలేదు. వానలు పడేసరికి వీధిలో పరుగెత్తాడు.

ఆ చేను మీదుగా ఇప్పుడు విమానాశ్రయం రోడ్డు పోతోంది. మొన్న అత్త దినకర్మకు వెళ్లినప్పుడు, భోజనాల ముందు తమ్ముడూ నేనూ ఒకేసారి సబ్బు కోసం వెతుక్కున్నాం. వాడికి యాభై దాటాయి. అయినా మొన్నమొన్నటి దాకా అత్త మా ఇద్దరినీ విస్తరి ముందు ఆపి, "ఏదీ, చేతులు చూపియ్" అనేది. చేతులు కడిగాక వాటిని తిప్పి చూసుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు చూపించమని ఎవరూ అడగరు.