ఆవిడ పేరున్న మంచం

మా ఫౌండేషన్ చరిత్ర రాసిపెట్టమని కమిటీ నన్ను అడిగింది. మొదటి పేరాలోనే చిక్కుకుపోయాను. అది సేవాభావంతో పుట్టిందని పెద్దలంతా అంటారు. నాకు తెలిసి అది వరదల్లో పులిహోరతో పుట్టింది. మొదటి తగువు కూడా ఆ పులిహోరలోనే పుట్టింది.

గోదావరి కనకాలపేట వీధుల్లోకి వచ్చిన ఏడాది మా అమ్మా, నాలుగిళ్ళ అవతలావిడా కలిసి పొయ్యి వెలిగించి, ముంపులో ఉన్నవాళ్ళకి పులిహోర కలిపారు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఒకరు ఉప్పు వేసిన సంగతి తెలియక రెండోవారు మళ్ళీ వేశారు. పడవల్లో వెళ్ళిన ఆ పొట్లాలు తిన్నవాళ్ళు, చుట్టూ అన్ని నీళ్ళున్నా తాగడానికి చుక్క లేక అల్లాడిపోయారట. రెండోసారి వేసింది ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఫౌండేషన్ ఎక్కడ భోజనాలు పెట్టినా రెండు పొయ్యిలు, రెండు గుండిగలు, రెండు గరిటెలు. బయటివాళ్ళు చూసి ఎంత పద్ధతిగా చేస్తున్నారో అని మెచ్చుకునేవారు. మేం కాదనలేదు.

తర్వాత, మంచాన పడ్డవాళ్ళకి తల వైపు పైకెత్తే ఆసుపత్రి మంచాలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాం. దాతలు రావాలంటే పేరు కనిపించాలని సలహా ఇచ్చిన మేధావిని నేనే. మా పెయింటరుది పెద్ద చెయ్యి. 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని మంచం కాళ్ళవైపు రేకు మీద వీధి చివరికి కనిపించేలా రాసేవాడు. హిందువులైతే పక్కన దీపం, క్రైస్తవులైతే శిలువ. పాపం, కోలుకుందామని రోగి కళ్ళు తెరిస్తే కాళ్ళ దగ్గర ఎవరో పోయిన వార్త ఉండేది.

కిందటేడు ఆ నాలుగిళ్ళ అవతలావిడ పోయారు. మూడు నెలలు మంచంలో ఉన్నా అమ్మ చూడ్డానికి వెళ్ళలేదు. ఆవిడ పిల్లలు తల్లి పేరున ఒక మంచం ఇచ్చారు. ఈ ఏడు అమ్మ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు, అలాంటి మంచం మీదే ఉంచాలని, లేకపోతే వీపు పుళ్ళు పడుతుందని చెప్పాడు. మా దగ్గర ఖాళీగా ఉన్నది ఆవిడ పేరున్న మంచం ఒక్కటే.

అమ్మ పేరు చదివింది. "దాని ఒళ్ళో పడుకోబెడతావేంట్రా నన్ను? చాప మీద పడేయ్."

నాకు నిజంగా భయం వేసింది. పేరు చెరిపేద్దామంటే ఆవిడ పిల్లలు నొచ్చుకుంటారు. పైగా పేర్లు చెరపకూడదని రూలు పెట్టింది కూడా నేనే. చివరికి దాని మీద పాత తువ్వాలు కట్టాను. అమ్మ మొహం గోడకి తిప్పుకుని పడుకుంది.

రెండు వారాలు గడిచాక ఒక పొద్దున కాఫీ తీసుకెళ్తే తువ్వాలు లేదు. పనావిడ చేత విప్పించిందట. అమ్మ ఆ పేరుకేసి చూస్తూ, దానితో పైకే మాట్లాడుతూ ఉప్పు సంగతి తేలుస్తోంది. అది తేలకపోతే కోడలి వంటల మీదికి, ఫరంపేటలో కుదిరిన పెళ్ళి సంబంధాల మీదికి వెళ్తోంది. నన్ను చూసి ఆగలేదు. ఆవిడకీ ఒక కాఫీ తెమ్మంటావా అని అడిగాను. దానికి పంచదార ఎక్కువ వెయ్యమంది. అప్పట్నుంచి రోజూ అదే వరస. మా ఆవిడా నేనూ వంటింట్లో నోరు మూసుకుని నవ్వుకునేవాళ్ళం.

మూడో నెలలో అమ్మ వాకర్ పట్టుకుని నడిచింది. దరియాలతిప్పలో ఎవరికో మంచం అవసరమైతే వ్యాను పంపించాం. అమ్మ గుమ్మం దాకా వచ్చి, కుదపకుండా తీసుకెళ్ళమని మోసేవాళ్ళకి రెండుసార్లు చెప్పింది. వ్యాను మలుపు తిరిగినా లోపలికి రాలేదు. ఆట పట్టిద్దామని దగ్గరికి వెళ్ళాను. ఏడుస్తోంది.

"ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మాట్లాడానురా" అంది. "బతికుండగా వెళ్ళుంటే, అదీ నన్ను నాలుగు మాటలు అనేది కదా."