వదినకు చదివి చెప్పని కాగితం

రెండేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. అది ఫోనులో ఉంది కాబట్టి బరువుండకూడదు. ఉంది. దాని వల్ల అన్నం దిగలేదని మీతో అబద్ధం చెప్పను. దిగింది. అదే బాధ.

మాది హోసూరు దగ్గర రోజాపూల తోట. తోట అన్న చూసుకుంటాడు, నేను ఒక కంపెనీలో పని చేస్తాను. వదినకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయ్యాక, రేడియో అయోడిన్ మందు ఇప్పించడానికి బెంగళూరుకు నేనే వెంట వెళ్లాను. అన్న తోట వదిలి రాలేడు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మందు తాగిన మనిషి ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది, కొన్ని రోజులు దగ్గరికి ఎవరూ పోకూడదు. వదినను గదిలో ఉంచి తలుపు మూశారు. నేను బయటి నుంచి ఫోను చేసి, ఇంట్లో కరెంటు పోతే వెలుగు కోసం నిన్ను హాల్లో కూర్చోబెడతాం అన్నాను. నవ్వింది. మా వైపు వదినా మరుదుల మధ్య మాటంటే ఎకసెక్కమే. ఆమె కోడలిగా వచ్చిన నాటి నుంచి మేమిద్దరం ఒక్క నిజం మాట్లాడుకున్న గుర్తు లేదు.

మందుకు ముందూ తర్వాతా ఆసుపత్రివాళ్లు ఆమె రక్తం తీసుకున్నారు. ఆ మందు రక్తకణాల్లోని జన్యువులను ఎంత దెబ్బతీసిందో చూస్తారట. నా నంబరు ఇచ్చాను. కొన్ని వారాలకు కాగితం వచ్చింది. దెబ్బ అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉంది, చాలామందిలో కాలంతో తగ్గుతుంది, మళ్లీ రక్తం ఇవ్వాలి, అంతవరకు బిడ్డ కోసం ప్రయత్నించవద్దు, డాక్టరును కలవండి అని.

ఆ రోజే వదిన నీరసం తగ్గి మళ్లీ అందరితో కలిసి భోజనానికి కూర్చుంది.

"ఆ రక్తం సంగతి ఏమైందప్పా? కాగితం వచ్చిందా?"

"వచ్చింది వదినా. రక్తమంతా బాగుండాదంట. మెదడే యాడా కనపడలేదంట."

"అయితే నీదీ నాదీ మార్చేసినారు పో!"

అందరూ నవ్వారు. అమ్మ కూడా, ఎన్నో నెలల తర్వాత.

ఎందుకు చెప్పలేదు? ఆ నవ్వు చెడగొట్టలేక అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. చాలా అందమైన కారణం. అసలు కారణం విసుగు: చెబితే మళ్లీ సెలవు పెట్టాలి, బస్సెక్కాలి, ఆసుపత్రి కుర్చీలో పూటంతా కూర్చోవాలి, అమ్మ ఏడుపు వినాలి. ఇంత చిన్నదానికి మనిషి ఇంత పని చేస్తాడా? చేశాను. వారం ఆగి చెబుదామనుకున్నాను. వారం దాటాక, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియలేదు.

మందు ఇచ్చినప్పుడు బిడ్డ కోసం ఆగమని డాక్టరు చెప్పిన గడువు అయిపోయాక వదిన కడుపుతో ఉంది. మూడో నెలలో కడుపు పోయింది. కోసిన పూలు పెట్టే నీళ్ల బకెట్లు ఎత్తినందుకే అని ఆమె నమ్మింది. "ఎత్తొద్దంటే విన్నావామ్మా?" అని అమ్మ అంటే తలవంచుకుంది. నేను పక్కనే ఉన్నాను. మజ్జిగ పోసుకుంటున్నాను.

తర్వాత ఒక డాక్టరును అడిగాను. ఆ దెబ్బ వల్లే అని చెప్పలేం, కాదనీ చెప్పలేం, చాలా గర్భాలు కారణం తెలియకుండానే పోతాయి అన్నారు. అంటే నా నేరం కూడా ఖాయం కాలేదు. కానీ ఆమె తన చేతులను తానే తిట్టుకుంటున్నప్పుడు నా జేబులో ఆ కాగితం ఉందని నాకు తెలుసు కదా? దానికి ఏ డాక్టరు కావాలి?

ఇప్పుడు ఇంట్లో మళ్లీ బిడ్డ మాట వస్తోంది. అందుకే నిన్న, షెడ్డులో వదిన ఒక్కతే పూలు కట్టలు కడుతుండగా, కాగితం తెరిచి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. మధ్యలో ఏదో తమాషా నోటిదాకా వచ్చింది. మింగాను. ఏ తేదీన వచ్చిందో చూపించమంది. ఆ తేదీ మీద వేలు పెట్టి, తీయలేదు. తెర ఆరిపోయింది. మళ్లీ వెలిగించి ఇచ్చాను.

తిట్టలేదు. ఏడవలేదు. రక్తం ఇవ్వడానికి ఎప్పుడు పోవాలని అడిగింది. చెప్పాను. అన్నతో పోతానంది.

క్షమించమని నేను అడగలేదు. ఇది రాస్తుంటే ఊపిరి కాస్త బాగా ఆడుతోంది. ఆడొచ్చో కూడదో నాకు తెలియదు. ఆడుతోంది.